చెట్టు నీడన ఎదిగిన జట్టు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ పండుగ జరుపుకొంటున్న పాఠశాలలో చదువును గురించీ, భాషను గురించీ, గురువులను గురించీ ప్రసంగాలు జరగటం సహజం. అవి జరగవలసినవే. అయితే చివరి గంట మోగిన తరువాత, దుమ్ము రేగే ఆటస్థలంలో నేర్చుకొనే చదువు మరొకటి ఉన్నది. దానికి పాఠ్యపుస్తకం లేదు, మార్కుల పట్టిక లేదు. నలుగురు కలిసి ఒక జట్టు కట్టటం, ఎదుటి జట్టుతో నియమబద్ధంగా తలపడటం, గెలిచినా ఓడినా చేయి కలిపి ఇంటికి రావటం ఆ చదువులోని పాఠాలు. ఈనాటి ప్రసంగ విషయం అదే: ఒక ఊరిలో, ఒక పేటలో జట్టుగా ఏర్పడి పోటీకి దిగటం, ఆ జట్టులో బంతి వేసేవాని స్థానం. ఇందుకు ఉదాహరణల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మైలాపూరులోని లజ్ ప్రాంతంలో, ఒక తెలుగువారి ఇంటి తోటలో ఈ కథ మొదలవుతుంది.

కథలోకి పోయే ముందు ఒక మాటను గురించి చెప్పుకోవాలి. ‘బౌలింగ్’ అన్న మాటకు నేటి చెన్నైలో రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి క్రికెట్ ఆటగానికి తెలిసినది. మరొకటి చలువ గదుల్లో, నున్నని చెక్క బాటపై బరువైన బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట. గీత నుండి మొదటి పిన్ను వరకు 60 అడుగుల దూరం. బంతి బరువు 16 పౌనులకు, అంటే సుమారు ఏడుంబావు కిలోలకు మించరాదు. ఈ ఆటలో జాతీయ విజేతగా పలుమార్లు నిలిచిన షబ్బీర్ ధన్‌కోట్ ఈ నగరపు క్రీడాకారుడే. క్రికెట్‌లో వికెట్టుకు వికెట్టుకు మధ్య దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు. రెండు ఆటల మధ్య దూరంలో తేడా ఆరడుగులే. అసలు భేదం మరొకటి. పది పిన్నులు ఎదురు తిరగవు. క్రికెట్ మైదానంలో ఎదురుగా బ్యాటు పట్టి నిలిచిన మనిషి ఎదురు తిరుగుతాడు. పోలిక మాత్రం గట్టిది. రెండింటిలోనూ బంతి వదిలే క్షణంలో ఆటగాడు ఒంటరి. ఆ బంతి ఫలితం మాత్రం జట్టు ఖాతాలో పడుతుంది. పిన్నుల ఆటలో ఒకే బంతితో పదింటినీ పడగొట్టినా, ఆ దెబ్బకు వచ్చే మొత్తం గుణాలు వెంటనే తేలవు; తరువాత వేసే రెండు బంతులు పడగొట్టిన పిన్నుల సంఖ్య దానికి కలుస్తుంది. ఈ నియమంలో ఒక నీతి ఉన్నది. ఇవాళ చేసిన పని విలువను రేపు చేసే పని నిర్ణయిస్తుంది.

ఇక కథ.

మోదవరపు వెంకటమహీపతి నాయుడు అంటే గుర్తుపట్టేవారు తక్కువ. బుచ్చిబాబు నాయుడు అంటే దక్షిణ భారత క్రికెట్‌తో పరిచయమున్న ప్రతివారికీ తెలుసు. ఆయన 1868లో జన్మించారు. మాతామహులు వెంకటస్వామి నాయుడు పారీ కంపెనీకి దుబాసి. దుబాసి అంటే ద్విభాషి, రెండు భాషలు తెలిసినవాడు. దొరలకు ఊరి మాట, ఊరికి దొరల మాట చెప్పే మధ్యవర్తి. చెన్నపట్టణంలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ వృత్తిలో సంపద, పలుకుబడి గడించాయి. బుచ్చిబాబు తాతగారి ఇంట, లజ్ హౌస్‌లో, ఆంగ్ల ఉపాధ్యాయినుల పర్యవేక్షణలో పెరిగారు. ఆంగ్లేయుల ఆటలు అలవడినది అక్కడే. చేపాక్ మైదానంలో దొరలు ఆడే క్రికెట్ చూసి ఆ బాలుడు ముగ్ధుడైనాడు.

చేపాక్‌లో ఆడుతున్నది మదరాసు క్రికెట్ క్లబ్బు. 1846లో స్థాపితమైన ఆ సంస్థ యూరోపియనులది. భారతీయులు చూడవచ్చు, అవసరమైనప్పుడు ఆడవచ్చు కూడా. కాని పెవిలియన్‌లోకి ప్రవేశం లేదు. మధ్యాహ్నం ఆట ఆగినప్పుడు యూరోపియను ఆటగాళ్ళు లోపల బల్లల ముందు కూర్చొని భోంచేసేవారు. అదే ఆటలో, అదే ఎండలో చెమటోడ్చిన భారతీయ ఆటగాళ్ళు బయట చెట్ల కింద తమ తిండి తాము తినేవారు. మైదానంలో నియమాలు ఇద్దరికీ ఒకటే. గీత దాటి వచ్చాక నియమాలు వేరు.

ఈ దృశ్యం ఒక యువకునికి రెండు విధాల పాఠం కాగలదు. ఆట మాని ఇంట కూర్చోవచ్చు. లేదా, పెవిలియన్‌లో వారి ఎదుట సమాన స్థాయిలో నిలిచే శక్తిని కూడగట్టవచ్చు. బుచ్చిబాబు రెండవది ఎంచుకొన్నారు. ఒంటరి ఆటగాడు ఎంత గొప్పవాడైనా అతిథిగానే మిగిలిపోతాడు. జట్టు అయితే ప్రత్యర్థి అవుతుంది. ప్రత్యర్థికి మర్యాద ఇవ్వక తప్పదు. 1888లో, ఇరవై ఏళ్ళ వయస్సులో, ఆయన మదరాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పారు. కోటకు సమీపంలోని ఎస్‌ప్లనేడ్ మైదానంలో దానికి చోటు దొరికింది. కుర్రవారిని చేరదీసి, తమ ఇంటి తోటలో అభ్యాసం చేయించారు. ఆటకు కావలసిన సామగ్రి సొంత ఖర్చుతో సమకూర్చారు. బ్యాటు కొనలేని కుర్రవానికీ, బూట్లు లేని కుర్రవానికీ అక్కడ చోటు దొరికింది.

క్లబ్బు పేరులోని ‘యునైటెడ్’ అన్న పదాన్ని గమనించాలి. కలిసినవారు అని దాని అర్థం. కలవటం అన్నది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ విషయంలో ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పుకోవలసి ఉన్నది.

క్రికెట్‌లో పుట్టుక నుండీ ఒక తరతమ భేదం ఉన్నది. బ్యాటింగ్ దొరబాబుల పని. బౌలింగ్ కూలివాని పని. ఇంగ్లండులో సైతం ఎండలో రోజంతా బంతి వేసే శ్రమ చాలావరకు జీతానికి ఆడే ఆటగాళ్ళకు దక్కేది. సొగసైన బ్యాటింగ్‌కు పేరు మోసినవారు జీతం పుచ్చుకోని పెద్దమనుషులు. ఈ దేశంలో ఆ భేదం కులభేదంతో కలిసి మరింత కఠినమైనది. పుణేలో పాల్వంకర్ బాలూ అనే దళిత యువకుడు యూరోపియనుల క్లబ్బులో మైదానం బాగుచేసే పనిలో చేరాడు. నెట్స్‌లో దొరలకు గంటల తరబడి బంతులు వేసి ఎడమచేతి స్పిన్‌లో సాటిలేని నైపుణ్యం సంపాదించాడు. హిందువుల జట్టుకు ఆ బౌలరు అవసరమైనాడు, జట్టులోకి తీసుకొన్నారు. మైదానంలో అతడు అందించే బంతిని అందరూ ముట్టుకొన్నారు. విరామ సమయంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, వేరే మట్టిపాత్రలో తేనీరు ఇచ్చారు. 1911లో ఇంగ్లండు పర్యటించిన భారత జట్టు తరఫున అదే బాలూ 114 వికెట్లు పడగొట్టాడు. దొరలు తమను చెట్టు కిందికి పంపారని బాధపడినవారే తమ జట్టులోని మనిషిని గుమ్మం బయట నిలబెట్టారు. జట్టు అన్న మాటకు అర్థం పదకొండుమంది పేర్లు ఒక కాగితంపై రాయటం మాత్రమే కాదని ఈ ఉదంతం తెలుపుతుంది. భోజనాల దగ్గర జట్టు విడిపోతే, మైదానంలో కలిసినది జట్టు కాదు.

తిరిగి మదరాసుకు వద్దాం. మదరాసు యునైటెడ్ క్లబ్బు చేపాక్ దొరలతో పోటీలు ఆడింది. ఆ పోటీలు ఏటేటా గట్టిపడ్డాయి. భారతీయుల జట్టు ఒకటి, యూరోపియనుల జట్టు ఒకటి నిలిచి, చెన్నపట్టణంలో తలపడాలని బుచ్చిబాబు సంకల్పించారు. బొంబాయిలో అటువంటి పోటీలు అప్పటికే జరుగుతున్నాయి. ఇక్కడ ఎందుకు జరగరాదని ఆయన వాదన. ఇరవై ఏళ్ళ కృషి ఫలించి 1908 డిసెంబరులో పోటీ నిర్ణయమైనది. భారతీయుల జట్టుకు ఆయనే నాయకుడు. ఆట మరి కొన్ని రోజులున్నదనగా బుచ్చిబాబు కన్నుమూశారు. ఆయన వయస్సు నలభై.

పోటీ ఆగలేదు. మరొకరి నాయకత్వంలో జట్టు మైదానంలోకి దిగింది. ఒక మనిషి నిర్మించినది నిజంగా జట్టేనా, లేక ఆ మనిషి చుట్టూ చేరిన గుంపా అన్న ప్రశ్నకు అతడు లేని రోజే సమాధానం చెబుతుంది. ఆ డిసెంబరులో మదరాసు యునైటెడ్ క్లబ్బు కుర్రవారు ఆ సమాధానం చెప్పారు.

ఆ తరువాత ఈ పోటీ ప్రెసిడెన్సీ మ్యాచ్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. 1915-16 నుండి ప్రథమ శ్రేణి హోదాతో, సంక్రాంతి రోజుల్లో చేపాక్‌లో జరిగేది. నగరవాసులకు అది ‘పొంగల్ మ్యాచ్’. భారతీయులూ యూరోపియనులూ ఎదురెదురుగా నిలిచే ఆ ఆట 1951-52 వరకు సాగింది. అందులో మరో తెలుగు కుటుంబం వారసుడు తన ముద్ర వేశాడు. నాగపూరులో పుట్టి పెరిగిన, మచిలీపట్నం మూలాలు గల కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడు, 1920-21లో ఇక్కడ కొట్టిన ఒక దెబ్బకు బంతి మైదానం దాటి, ఆవల ఉన్న కొబ్బరిచెట్టు దగ్గర పడిందని చెప్పుకొంటారు. ఆయన 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించారు.

ఇక్కడి నుండి కథ బౌలర్ల చేతికి వస్తుంది.

1934 నవంబరు 4వ తేదీన రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి ఆట చేపాక్‌లో మొదలైనది. ఒకవైపు మదరాసు, మరొకవైపు మైసూరు. ఆ పోటీ చరిత్రలో తొలి బంతి వేసినవాడు ఎం.జె. గోపాలన్, తిరువల్లిక్కేణి క్లబ్బులో ఆడుతూ ఎదిగిన ఫాస్ట్ బౌలరు. మైసూరు తొలి ఇన్నింగ్సులో 48 పరుగులకే కూలింది. మదరాసు 130 చేసింది. మైసూరు రెండవసారి 59కి ముగిసింది. ఇన్నింగ్సు 23 పరుగుల తేడాతో మదరాసు గెలుపు. సూర్యుడు ఉదయించి అస్తమించే లోపల ఆట పూర్తి అయినది. మదరాసులోనే స్థిరపడిన సిక్కు కుటుంబానికి చెందిన ఎ.జి. రామ్‌సింగ్ తన ఎడమచేతి స్పిన్‌తో మొదటిసారి 19 పరుగులకు 6, రెండవసారి 16 పరుగులకు 5, మొత్తం 35 పరుగులకు 11 వికెట్లు తీశాడు. జట్టు నాయకుడు సి.పి. జాన్‌స్టన్ ఆంగ్లేయుడు. ప్రెసిడెన్సీ పోటీలలో ఎదురెదురుగా నిలిచేవారు ఆ రోజు ఒకే జట్టులో నిలిచారు. నలభై ఆరేళ్ళ క్రితం బుచ్చిబాబు క్లబ్బు పెట్టినప్పుడు ఇటువంటి పదకొండు పేర్ల జాబితాను ఎవరూ ఊహించి ఉండరు.

ఆ రామ్‌సింగ్ అధికారిక టెస్టు ఒక్కటి కూడా ఆడలేదు. ఆయన కుమారులు కృపాల్‌సింగ్, మిల్ఖాసింగ్ ఇద్దరూ భారతదేశానికి టెస్టులు ఆడారు. గోపాలన్ కథ మరో రకం. ఆయన హాకీలోనూ దేశంలో అగ్రశ్రేణి ఆటగాడు. 1936లో రెండు ద్వారాలు ఒకేసారి తెరుచుకొన్నాయి: బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్ళే హాకీ జట్టు, ఇంగ్లండు వెళ్ళే క్రికెట్ జట్టు. ఆయన క్రికెట్ ఎంచుకొన్నారు. ఇంగ్లండులో ఒక్క టెస్టులోనూ ఆడే అవకాశం రాలేదు. బెర్లిన్ వెళ్ళిన హాకీ జట్టు స్వర్ణపతకంతో తిరిగి వచ్చింది. ఇటువంటి నష్టం తగిలిన మనిషి ఆటను శపించి వెళ్ళిపోవచ్చు. గోపాలన్ వెళ్ళిపోలేదు, మదరాసుకు ఆడుతూనే ఉన్నారు. 1950వ దశకంలో మదరాసు, సింహళం జట్ల మధ్య ఆరంభమైన పోటీకి ఆయన పేరే పెట్టారు. పతకం దక్కని మనిషి పేరు మీద మరెందరో పతకాల కోసం పోటీపడ్డారు.

అదే 1936 పర్యటనలో బుచ్చిబాబు కుమారుడు కోట రామస్వామి కూడా ఉన్నారు. మాతామహులకు దత్తు వెళ్ళినందువల్ల ఇంటిపేరు మారింది. తండ్రి పోయిన నాటికి ఆయనకు పన్నెండేళ్ళు. కేంబ్రిడ్జిలో చదివి, 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో భారతదేశం తరఫున ఆడారు. తరువాత పద్నాలుగేళ్ళకు, నలభయ్యవ ఏట, మాంచెస్టరులో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. ఓవల్‌లో 29 చేసి, రెండవసారి 41తో అజేయంగా నిలిచారు. రెండు టెస్టులు, 170 పరుగులు. తండ్రి ఆయుష్షు ఏ వయస్సు దగ్గర ముగిసిందో, కుమారుని టెస్టు జీవితం ఆ వయస్సు దగ్గర మొదలైనది. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో, చెన్నైలోని ఇంటి నుండి బయటికి వెళ్ళిన ఆ వృద్ధుడు మరి తిరిగి రాలేదు.

జట్టు కోసం బౌలరు మోయగలిగిన బరువు ఎంత? దీనికి లెక్క చెప్పిన మనిషీ తెలుగువాడే. సి.కె. నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్‌స్పిన్ బౌలరు. 1945 మార్చిలో బొంబాయిలో రంజీ ట్రోఫీ తుదిపోరు జరిగింది. బొంబాయికి ప్రత్యర్థి హోల్కర్. నాయకుడు అన్నగారు సి.కె. ఆ ఒక్క ఆటలో తమ్ముడు మొదటి ఇన్నింగ్సులో 64 ఓవర్ల 5 బంతులు, రెండవ ఇన్నింగ్సులో 88 ఓవర్లు వేశాడు. మొత్తం 152 ఓవర్ల 5 బంతులు, అంటే 917 బంతులు. ప్రథమ శ్రేణి క్రికెట్‌లో ఒకే ఆటలో ఇన్ని బంతులు మరెవ్వరూ వేయలేదు. ఆ రికార్డు ఇప్పటికీ నిలిచే ఉన్నది. 428 పరుగులు ఇచ్చి 11 వికెట్లు తీశాడు. హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది.

ఈ అంకెలను విద్యార్థులు మెల్లగా చదువుకోవాలి. 917 సార్లు ఒక మనిషి అడుగులు వేసి, భుజం తిప్పి, మణికట్టు మెలివేసి బంతి వదిలాడు. ప్రతి బంతికి ముందు, ఈసారి వికెట్టు పడుతుందన్న ఆశ ఉండాలి; ఆ ఆశ లేని బౌలరు ముప్ఫయ్యవ ఓవరుకే బంతిని నాయకునికి తిరిగి ఇచ్చివేస్తాడు. గెలిచిన ఆటలో ఇటువంటి శ్రమను అందరూ కొనియాడతారు. ఓడిన ఆటలో చేసిన శ్రమ ఎనభై ఏళ్ళుగా పుస్తకాల్లో నిలవటం అరుదు. ఓటమి శ్రమను రద్దు చేయదని చెప్పటానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

గెలుపు కూడా ఈ నగరంలోనే వచ్చింది. తొలి టెస్టు ఆడిన ఇరవై ఏళ్ళకు, 1952 ఫిబ్రవరిలో, చేపాక్‌లో ఇంగ్లండుపై భారతదేశం మొట్టమొదటి టెస్టు విజయం సాధించింది. నాయకుడు విజయ్ హజారే. ఇన్నింగ్సు 8 పరుగుల ఆధిక్యం. వినూ మన్కడ్ ఎడమచేతి స్పిన్‌కు మొదటి ఇన్నింగ్సులో 55 పరుగులకు 8, రెండవ ఇన్నింగ్సులో 53 పరుగులకు 4 వికెట్లు దక్కాయి. అదే మైదానంలో 1988 జనవరిలో నరేంద్ర హిర్వాణీ తన తొలి టెస్టులోనే వెస్టిండీస్‌పై 136 పరుగులకు 16 వికెట్లు, 2001 మార్చిలో హర్భజన్ సింగ్ ఆస్ట్రేలియాపై 217 పరుగులకు 15 వికెట్లు తీశారు. ఎండకు బిగిసి, మూడవనాటికి పగుళ్ళు వారే నేల; మధ్యాహ్నం మెరీనా మీదుగా వీచే సముద్రపు గాలి; ఈ రెండూ ఓపిక గల బౌలరుకు చేపాక్ ఇచ్చే కానుకలు. ఓపిక లేనివానికి అదే ఎండ శిక్ష.

జట్టులో బౌలరు స్థానం ఏమిటో స్కోరు పుస్తకం తెరిస్తే కొంత తెలుస్తుంది. తెలియనిది అంతకన్న ఎక్కువ. ఒక చివర నుండి ఒక బౌలరు పరుగు ఇవ్వకుండా ఓవరు వెంట ఓవరు వేస్తాడు. పుస్తకంలో ఆ ఓవర్ల ఎదుట చుక్కలు తప్ప మరేమీ కనిపించవు. పరుగులు రాక విసిగిన బ్యాటరు రెండవ చివర బౌలరుపై తొందరపడి బ్యాటు ఝళిపించి ఔటవుతాడు. వికెట్టు రెండవ బౌలరు పేరున పడుతుంది. మొదటివాని చుక్కలను చప్పట్లు పలకరించవు. జట్టులో ఉన్నవారికి మాత్రం ఆ వికెట్టు ఎవరిదో తెలుసు. ఒంటి చేతికి చప్పుడు రాదన్న సామెతను బౌలింగ్ జంటలే బాగా ఎరుగుదురు. పిన్నుల ఆటలో జట్టు మొత్తాన్ని కూడినప్పుడూ ఇదే న్యాయం. ఒకడు నిలకడగా సాధించే గుణాలు, మరొకడు సాహసించి గెలుచుకొనే గుణాలు ఒకే వరుసలో కలుస్తాయి. కూడిక అయిన తరువాత ఏ అంకె ఎవరిదో విడదీయలేరు.

బుచ్చిబాబు పేరు మీద జరిగే క్రికెట్ టోర్నమెంటు ఈ నగరపు క్రీడాజీవితంలో ఒక ముఖ్య ఘట్టం. దేశం నలుమూలల నుండి జట్లు దీనికి వచ్చేవి. రంజీ ట్రోఫీకి ముందు తమ బలాబలాలను తూచుకొనే త్రాసుగా ఆటగాళ్ళు దీనిని భావించేవారు. కొన్నేళ్ళ విరామం తరువాత 2023లో తమిళనాడు క్రికెట్ సంఘం దీనిని పునరుద్ధరించింది. 2024లో దిండిగల్‌లో జరిగిన తుదిపోరులో ఛత్తీస్‌గఢ్‌ను ఓడించి హైదరాబాదు జట్టు విజేతగా నిలిచింది. తెలుగు రాజధానికి చెందిన జట్టు తమిళనాట తెలుగువాని స్మారక కప్పును అందుకొన్నది. ఆ ఆటగాళ్ళలో ఎంతమందికి ఈ కథ తెలుసో చెప్పలేము. కథలు వాటంతట అవి బతకవు; వాటిని చెప్పే పాఠశాలలు ఉండాలి.

ఆ మాటతో ఈ పాఠశాల ప్రస్తావన వస్తుంది.

చెన్నైలో తెలుగు మాధ్యమ పాఠశాల చిన్న జట్టు వంటిది. నగరం పెద్దది, ఎదుటి జట్లలో ఆటగాళ్ళు ఎక్కువ, సామగ్రి ఎక్కువ. ఇక్కడి పిల్లలు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పరీక్షలో మరొక భాషతో తలపడతారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత రాష్ట్ర భాష నేర్వటం తప్పనిసరి అయినది. దానిని కొందరు భారమన్నారు. భారమే కావచ్చు. కాని బుచ్చిబాబు తాతగారి వృత్తిని మరొకసారి గుర్తు చేసుకోవాలి. దుబాసి రెండు భాషల మధ్య నలిగిపోలేదు. రెండింటి మధ్య వంతెన అయినాడు. తిరువల్లిక్కేణి తమిళుడు, మదరాసు సిక్కు, ఆంగ్లేయ నాయకుడు ఒకే జట్టులో ఆడిన నగరం ఇది. తెలుగు బిడ్డ తన తెలుగును వదలకుండా, తమిళాన్ని ప్రేమగా నేర్చి, ఆ జట్టులో తన స్థానం తాను నిలుపుకోవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇల్లు అంటే ఇక్కడ మాతృభాష. రచ్చ అంటే ఈ మహానగరం. ఇల్లు మరచినవాడు రచ్చలో ఎవరి తరఫున ఆడుతున్నాడో చెప్పలేడు.

నాయకత్వాన్ని గురించి కూడా ఒక మాట. ఏ పాఠశాలలోనైనా ఆటలపై మక్కువ గల పిల్లలలో పదిమందికి బ్యాటు కావాలి; బంతి పట్టేవారు ఇద్దరు; పరుగెత్తి బంతి తెచ్చేవాడు, స్కోరు రాసేవాడు దొరకటం కష్టం. పాఠశాల జట్టును తయారుచేసే ఉపాధ్యాయుడు మొదట వెతకవలసింది ఆ చివరివారిని. బ్యాటు ఉన్న పిల్లవాడు నాయకుడు కావటం వీధి ఆటల రివాజు. సామగ్రి అందరిదీ అయినప్పుడు ఆ రివాజు మారుతుంది. లజ్ తోటలో బుచ్చిబాబు చేసినది అదే. సామగ్రిని ఉమ్మడి చేశారు. దానితో ప్రతిభకు, డబ్బుకు మధ్య ఉన్న ముడి విడిపోయింది.

ఈ ప్లాటినం జూబిలీకి గుర్తుగా భవనాలు లేస్తాయి, శిలాఫలకాలు వెలుస్తాయి. వాటితోపాటు ఒక చిన్న పని జరిగితే ఈ కథకు సార్థకత కలుగుతుంది. చుట్టుపక్కల పాఠశాలలను, ఏ మాధ్యమం వారినైనా సరే, పిలిచి ఏటా ఒక పోటీ నిర్వహించటం. క్రికెట్ కావచ్చు, కబడ్డీ కావచ్చు, మరే ఆటైనా కావచ్చు. బాలికల జట్లు కూడా సమానంగా ఉండాలి. బ్యాట్లు, బంతులు, ప్యాడ్లు పాఠశాల సమకూర్చాలి. కప్పు చిన్నదైనా ఫరవాలేదు. ఒక్క నియమం మాత్రం తప్పరాదు: మధ్యాహ్నం రెండు జట్లూ కలిసి, ఒకే పంక్తిలో, ఒకే వడ్డనతో భోజనం చేయాలి. గెలుస్తున్న జట్టు, ఓడుతున్న జట్టు అన్న తేడా ఆ ఆకుల ముందు ఉండరాదు.

నూట ముప్ఫై ఏళ్ళకు పైబడిన నాడు చేపాక్ చెట్ల కింద కొందరు యువకులు వేరుగా కూర్చొని తిన్నారు. ఆ చెట్టు నీడ అవమానంగా మొదలై ఒక జట్టుకు పుట్టినిల్లు అయినది. ఆ జట్టు వారసులు ఈ సభలో కూర్చొని ఉన్నారు. వారు తినే పంక్తిలో గుమ్మం బయట ఎవరూ మిగలకుండా చూడటమే బుచ్చిబాబుకూ, బాలూకూ, 917 బంతులు వేసి ఓడిన సి.ఎస్. నాయుడికీ ఈ పాఠశాల అర్పించగల నిజమైన నివాళి.

ఈ పాఠశాల శతవసంతాలు చూడాలి. ఆనాడు ఈ వేదికపై మాట్లాడేవారు నేటి ఈ పిల్లల జట్టు పేరు చెప్పాలి.

స్వస్తి.